ప్రార్థనలో పెట్టిన సంబంధం

లోకం పుట్టిన రోజు దగ్గర మొదలుపెట్టింది సువార్తమ్మ. వెలుగు వచ్చింది, నీళ్ళు వచ్చాయి, పక్షులు, పశువులు, పాకే పురుగులతో సహా అన్నీ వచ్చాయి, ఒక్కొక్కదానికీ విడివిడిగా స్తోత్రం చెల్లిస్తోంది, ఇక ఈ ఆదివారం మధ్యాహ్నం కనకమామిడిలో, మా ముందుగదిలో, చాప మీద మోకరించి ఉన్న మా దాకా ఎప్పటికి వస్తుందో ఆ తండ్రికే తెలియాలి. నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. చున్నీ నెత్తి మీది నుంచి జారుతోంది, సర్దుకుందామంటే ఆమె ఒక కన్ను తెరిచి చూస్తుందేమోనని అనుమానం. వంటింట్లో సన్నమంట మీద పెట్టిన కోడికూర అడుగంటుతున్న వాసన వస్తోంది. మా అవ్వకూ వస్తూనే ఉంటుంది, కన్నతల్లి ముక్కు సంగతి నాకు తెలియదా, అయినా లేవదు. మా ఇంట్లో ప్రార్థన మధ్యలో ఎవరూ లేవరు, ఇల్లు అంటుకున్నా ఆమేన్ అయ్యాకే నీళ్ళు పోస్తాం. సువార్తమ్మ శాంసన్ వాళ్ళమ్మ. శాంసన్ నన్ను చేసుకుంటానన్నవాడు, ఇప్పుడు ఆమె పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు, ఊపిరి పీలుస్తున్నట్టు కూడా వినిపించడం లేదు. వాళ్ళు మా సంబంధాన్ని ప్రార్థనలో పెట్టి మూడు వారాలైంది. దేవుడు ఏమన్నాడో చెప్పి పోదామని చేవెళ్ళ నుంచి ఇవాళ వచ్చారు, మధ్యవర్తిగా మా సుధాకర్ పాస్టరయ్యను కూర్చోబెట్టారు. ఔనా కాదా అన్న ఒక్క ముక్క చెప్పడానికి సృష్టి మొత్తం తిరిగి రావాలా? నాకు ఒళ్ళు మండిపోతోంది.

ప్రార్థనలో పెట్టడం. ఈ మాట వింటేనే నాకు తిక్క లేస్తుంది. మాలో సంబంధం వచ్చిందంటే జాతకం చూడం, శకునం చూడం, ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని గర్వపడతాం కూడా. పిల్లను చూసి, చాయ్ తాగి, బిస్కెట్లు తిని, "ప్రార్థనలో పెడతం వదినా, ప్రభువు ఎట్ల నడిపిస్తే గట్ల" అని లేస్తారు. అక్కడి నుంచి దేవునికి గడువు. ఆ గడువులో ఏం జరుగుతుందో నాకు తెలియదనుకుంటారా? పిల్ల చాయ ఎంత, ఉద్యోగం పర్మనెంటా కాదా, ఇంటికి మగపిల్లవాడు ఉన్నాడా లేడా, ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల ఉందా, అన్నీ వాళ్ళే గుసగుసలాడుకుంటారు, వాళ్ళే తేల్చుకుంటారు. కుదిరిందా, "ప్రభువు సమాధానం ఇచ్చిండు." కుదరలేదా, "ఎంత ప్రార్థన చేసినా మనసు నెమ్మది పడుతలేదు వదినా, దేవుని చిత్తం కాదేమో." మాకు నచ్చలేదు అని ఇంతవరకూ ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు మా గడపలో నిలబడి చెప్పలేదు. నచ్చనిది ఎప్పుడూ దేవునికే. పాపం ఆయన ఏం చేసుకున్నాడు వీళ్ళకు, ప్రతి ఇంటి ముందూ ఆయనే వెళ్ళి నిలబడి, మీ పిల్ల వద్దు అని చెప్పి రావాలి, వీళ్ళు మాత్రం వెనక నుంచి చేతులు కట్టుకుని మంచివాళ్ళలాగా నవ్వుతుండాలి.

మొదటిసారి వచ్చినవాళ్ళది దొంతన్‌పల్లి వైపు. అబ్బాయి అక్కడి యూనివర్సిటీలో ఏదో ఆఫీసు పని. మంచివాళ్ళు, నాతో బాగానే మాట్లాడారు, అబ్బాయి తల్లి నా చేతి వంట మెచ్చుకుని డబ్బాలో పెట్టించుకుని మరీ తీసుకుపోయింది. నెల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది, తెల్లటి పూల బొమ్మ, రెండు చేతులు జోడించిన బొమ్మ, మధ్యలో "మన ఆలోచనల కంటే ఆయన ఆలోచనలు ఉన్నతమైనవి" అని. అవ్వ చదవలేక నా చేతికిచ్చింది. ఏమన్నరు బిడ్డా, చేసుకుంటరట్నా, అని అడిగింది. నేను చదివి చెప్పాల్సి వచ్చింది, నన్ను వద్దన్న కబురు నేనే చదివి మా అవ్వకు చెప్పాను. కూర డబ్బా కూడా తిరిగి రాలేదు. ఇంకొకరు షాబాద్ నుంచి వచ్చారు, వాళ్ళు మెసేజ్ దాకా కూడా పోలేదు. అబ్బాయి తాత పెద్ద ప్రార్థనాపరుడట, నా చెయ్యి చూడగానే ముఖం అదోలా పెట్టి, పాస్టరయ్యను బయటికి పిలిచి, ఇట్లాంటి తెల్లమచ్చను యాజకుడు చూసి తేల్చాలని వాక్యంలో ఉన్నది కదా అయ్యగారూ, మీరు ఒకసారి చూసిండ్రా, అని అడిగాడు. కిటికీ అవతలే నేను గిన్నెలు తోముతున్నాను. ఏ కాలం మాట, కుష్ఠు గురించి రాసిన మాట, పట్టుకొచ్చి నా చేతికి అంటించాడు. సుధాకర్ అయ్యగారు మంచివాడే, అది వేరు, ఇది వేరు తాతా అని ఏదో సర్దిచెప్పాడు, కానీ గట్టిగా చెప్పలేదు. ఛీ ఛీ ఇదేం మాట అని అరవలేదు. ఆయనకు అందరూ కావాలి. ఆ తర్వాత వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా దేవుని చిత్తం కాదనే పోయారు.

బొల్లి. పేరు పెట్టి అనడానికి కూడా అందరికీ భయమే. ఇంటర్ చదివేటప్పుడు ఎడమ మణికట్టు మీద వచ్చింది, వాచీ పట్టీ రాసుకుని అట్లా అయిందనుకున్నాం, వాచీ తీసేసినా పోలేదు, ఇటు అరచేతికీ అటు మోచేతి దాకా పాకింది, తర్వాత మెడ మీదికి ఎక్కింది. మొయినాబాద్ దవాఖానలో డాక్టరమ్మ చేత్తో పట్టుకుని చూసింది, గ్లౌజులు లేకుండా పట్టుకుంది, ఇది అంటుకోదు, నొప్పి పెట్టదు, ప్రాణానికి ఏమీ కాదు, హాయిగా చదువుకో అంది. ఆ సంగతి ఎంతమందికి చెప్పినా చెవికెక్కదు. చేవెళ్ళలో స్వస్థత కూటాలు పెడితే అవ్వ నన్ను మూడు పూటలూ తీసుకుపోయింది. గ్రౌండులో టెంటు, మైకులు, ప్రార్థన చేసి రాసే నూనె. ఆ బోధకుడు నా చెయ్యి పట్టుకుని పైకెత్తి అంత జనానికీ చూపించాడు, తగ్గిపోతోంది, తగ్గిపోతోంది అని అరిచాడు, అందరూ చప్పట్లు కొట్టారు, నేను చూసుకుంటే ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. తర్వాత ఎవరో అన్నారు, పిల్లకు విశ్వాసం తక్కువున్నది అందుకే అని. అంటే తప్పు నూనెది కాదు, బోధకుడిది కాదు, నాది! పదిహేడేళ్ళ పిల్లను, రాత్రంతా దుప్పటి కింద చెయ్యి రుద్దుకుంటూ నమ్ముతున్నా నమ్ముతున్నా అనుకుంటూ పడుకున్నదాన్ని, నాకు విశ్వాసం తక్కువ. ఇప్పుడు ఆ బోధకుడు కనబడితే మైకు లాక్కుని నెత్తి మీద కొట్టాలని ఉంది, దేవుడు నన్ను క్షమించుగాక.

"…అన్నిటిని ఎరిగిన తండ్రీ," అంటోంది సువార్తమ్మ, సృష్టి అయిపోయినట్టుంది, గొంతు మారింది, "కొన్ని సంగతులు పైకి కనబడ్తయి, కొన్ని కనబడయి. బయటికి చిన్నగ కనబడ్డది లోపల ఎంత పెద్దగున్నదో నీకే ఎరుక. పుట్టబోయే పిల్లల సంగతి కూడ నీకే ఎరుక తండ్రీ. నా కొడుకు అమాయకుడు ప్రభువా, ఒకరిని చూసి జాలిపడ్తడు, జాలిని ఇంకేదో అనుకుంటడు. వాని కళ్ళు తెరిపియ్యి ప్రభువా."

విన్నారా! ఇది దేవునితో మాట్లాడటమా? దేవుని వైపు తిరిగి మాతో మాట్లాడుతోంది, మా మొహం మీద అనాల్సిన మాట ఆయన పాదాల దగ్గర పడేస్తోంది, ఎందుకంటే ప్రార్థనలో అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఇది మావాళ్ళందరికీ వచ్చిన విద్యే. అత్త కోడలి మీద చాడీ ప్రార్థనలో చెబుతుంది, సంఘ పెద్ద పడనివాడి గుట్టు ప్రార్థనలో విప్పుతాడు, పైగా కింద కూర్చున్నవాళ్ళు స్తోత్రం, స్తోత్రం అని వంత పాడాలి. పాడుతున్నారు కూడా. మా బాపు, పుట్టబోయే పిల్లల సంగతి నీకే ఎరుక అనగానే, "స్తోత్రం" అన్నాడు. మల్లప్ప అంత మంచోడు లేడంటారు ఊళ్ళో, నిజమే, బాపును ఎవరేమన్నా స్తోత్రమే. పక్క ఫామ్‌హౌస్‌లో తోటపని బాపుది, ఇవాళ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఆమె మమ్మల్ని తిడుతుంటే స్తోత్రం చెబుతున్నాడు. ఆ ఫామ్‌హౌస్‌లో పట్నం వాళ్ళు ఎవరిదో పుట్టినరోజు పెట్టుకున్నట్టున్నారు, గోడ అవతల డీజే మోగుతోంది, ఆ దబదబకు మా కిటికీ రెక్క కొట్టుకుంటోంది, అందుకని సువార్తమ్మ ఇంకా గట్టిగా అరుస్తోంది. ఇప్పుడు పుట్టని మా పిల్లల సంగతి అక్కడ కొలనులో ఈత కొట్టేవాళ్ళకు కూడా తెలిసింది.

జాలి అట. జాలి! శాంసన్, విన్నావా మీ అమ్మ మాట? నువ్వు చందనవెల్లి కంపెనీ బస్సులో నా పక్క సీట్లో కూర్చున్న మొదటిరోజు జాలితో కూర్చున్నావా? అంత బస్సులో అది ఒక్కటే ఖాళీ సీటు, ఎందుకు ఖాళీగా ఉందో నాకు తెలుసు, నీకు తెలియదు, వచ్చి దభీమని కూర్చుని, జర జరుగు అక్కా అన్నావు. అక్కనా, నీకంటే ఆరు నెలలు చిన్నదాన్ని అని కసిరాను. అట్లా మొదలైంది మాట. నాది సీసాల లైను మీద చెకింగ్, మచ్చ ఉన్నవీ బుడగ ఉన్నవీ ఏరి పక్కన పెట్టాలి, నీది ఆ లైను ఆగకుండా చూసే కరెంటు పని. నేను ఏరిపారేసిన సీసాను తీసి నువ్వు నీళ్ళు పోసుకుని తాగావు ఒకసారి, సూపర్‌వైజర్ తిడితే, కారుతలేదు కదా సార్ అన్నావు, నేను పక్కకు తిరిగి నవ్వాను. ఉడకబెట్టిన పల్లీలు నా అరచేతిలోనే పోసి అందులోంచే తీసుకుని తిన్నావు, తెల్లటి ఆ అరచేతిలోంచే. వర్షం పడి బస్సు మొయినాబాద్ దగ్గర ఆగిపోయిన రోజు, కృపా, నిన్ను చేసుకోవాలని ఉన్నది, అని నువ్వే అన్నావు, నేను అడిగానా? నాకు ఎంత సంతోషమైందో! వెంటనే అన్నావు, అమ్మకు చెప్త, ప్రార్థనలో పెడతం, అని. నాకు అక్కడే, ఆ బస్సులోనే, కాలి కింది చెప్పు తీసుకుందామా అనిపించింది. వద్దు శాంసన్, ప్రార్థనలో పెట్టకు, మీ అమ్మను ఇష్టమా కాదా అని అడుగు చాలు, అన్నాను. అరే, ఊకెనే, ఒక మాటకు అంటరు కదా, నువ్వు ఫికర్ చెయ్యకు అని నవ్వావు. ఇదిగో, ఒక మాటకు అన్నది ఎక్కడికొచ్చిందో చూడు.

సువార్తమ్మ ఆమేన్ అంది, అయిపోయిందనుకునేలోపు పాస్టరయ్య, పద్మమ్మా, నువ్వు కూడ రెండు మాటలు చెప్పుకో అన్నాడు. అయ్యో అవ్వా, వద్దు. ఆమె అందుకుంది. అవ్వ ప్రార్థనలో సృష్టి ఉండదు, ఆమె నేరుగా కాళ్ళ మీద పడుతుంది. "తండ్రీ, నా బిడ్డను నువ్వే ఇచ్చినవు. నా బిడ్డ మంచిగ వండుతది ప్రభువా, నీకు తెలుసు. పొద్దుగాల లేస్తది. ఎదురు చెప్పది తండ్రీ, పెద్దలంటే భయమున్నది. సంపాదిస్తున్నది. అత్తగారిని కాళ్ళు కింద పెట్టనియ్యది ప్రభువా…" అవ్వా, ఆపవే! దేవునికి నన్ను అమ్ముతున్నావా, ఆయన కొంటాడా? ఎదురు చెప్పదట, పెద్దలంటే భయమట, దేవుని ముందు మోకరించి ఇన్ని అబద్ధాలు. ఏడుస్తోంది. ఆమె ఏడుపు విన్నప్పుడల్లా నాకు కోపం రెట్టింపవుతుంది, ఎందుకంటే ఆ ఏడుపు నాది, నేను ఏడవాల్సింది ఆమె ఏడుస్తోంది. ఒక్కొక్క సంబంధం తప్పిపోయినప్పుడల్లా ముందు ముఖం కడుక్కుని వచ్చి నాతో అనేది, మన ఆలోచన వేరు బిడ్డా, ఆయన ఆలోచన వేరు, మన బుద్ధి మీద ఆనుకోవద్దు, ఆయన మీద ఆనుకోవాలె. ఎంత నిండు మనసుతో అనేదో! ఆమె నిజంగానే నమ్ముతుంది. అది చూస్తే నేను నమ్మలేకపోతున్నందుకు నా మీద నాకే కోపం, నమ్మించలేకపోతున్నందుకు ఆయన మీద కోపం.

ఆయన మీద. అదీ అసలు సంగతి, ఇందాకటి నుంచీ వీళ్ళనీ వాళ్ళనీ తిట్టుకుంటున్నాను గానీ. ఒకళ్ళు అబద్ధం చెప్పారనుకుందాం, ఇద్దరు చెప్పారనుకుందాం. ఇంతమంది, వేరే వేరే ఊళ్ళవాళ్ళు, ఒకరికొకరు తెలియనివాళ్ళు, మోకాళ్ళ మీద పడి అడిగి, అందరూ ఒకటే మాట పట్టుకొచ్చారంటే, నిజంగానే ఆయనే చెప్పాడేమో. నిజంగానే ఆయన ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి, ఆ కృప వద్దు అని చెప్పి వస్తున్నాడేమో. నేనూ అడిగాను, డాబా మీద ఒక్కదాన్నే కూర్చుని ఎన్నిసార్లు అడిగానో, నువ్వు అన్నావా ఆ మాట, అన్నావో లేదో అదొక్కటి చెప్పు, పెళ్ళి కాకపోతే కాకపాయె. ఏమీ వినిపించలేదు. వాళ్ళకు మూడు వారాల్లో జవాబు, నాకు ఇన్నేళ్ళుగా లేదు. వాళ్ళ చెవిలో చెప్పేవాడు నా చెవిలో ఎందుకు చెప్పడు? పేరు కృప అని పెట్టించి, ఈ చర్మం ఇచ్చి, మీదికెల్లి ఊరూరా తిరిగి నన్ను వద్దని చెబుతుంటే, అలాంటి దేవుని మీద ఆనుకోవాలా నేను? ఇదే ఆయన ప్రణాళిక అయితే నాకొద్దు. సంఘంలో పాట పాడుతూనే ఉంటాను, నోరు పాడుతుంది, లోపల నేను పళ్ళు బిగించుకుని కూర్చుంటాను, పక్కన నిలబడ్డవాళ్ళకు నా మంచి గొంతే వినబడుతుంది. ఇవాళ వీళ్ళు కూడా కాదంటే నేను ఇక మా సంఘం గుడికి పోను. అవ్వకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి తప్పిపోవడం కాదు, ఆయనే తప్పిపోతాడు నాకు, అదీ నా భయం.

బాపు ప్రార్థన ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో కూడా తెలియలేదు, ఆయన జేబులో ఫోను గురగురమంటోంది, ఫామ్‌హౌస్ వాళ్ళే అయి ఉంటారు. డీజే ఆగింది. ఆ నిశ్శబ్దంలో పాస్టరయ్య గొంతు సవరించుకున్నాడు. "శాంసన్, నువ్వు ప్రార్థన చేసి ముగియ్యి బిడ్డా. దేవుడు నీతోని ఏం మాట్లాడిండో గదే చెప్పు."

ఇక నీ మాట. శాంసన్, చెప్పు. నాకు చెప్పింది చెప్పు, బస్సులో చెప్పింది. కోపం కూడా పక్కకు పోయింది, ఒక్క క్షణం ఆశ తప్ప ఏమీ లేదు నాలో.

"దయగల తండ్రీ," అన్నాడు. గొంతు అతనిది కాదు, సంఘంలో ప్రార్థన చేసేటప్పుడు పెట్టుకునే గొంతు. "మా సొంత ఆలోచన మీద ఆధారపడకుండ, నీ ప్రణాళిక ఏందో అట్లనే నడిపియ్యి తండ్రీ. మాకు ఇష్టమున్నది నీకు ఇష్టం ఉండకపోవచ్చు. నీకు ఇష్టం లేనిదాంట్ల మేము అడుగు పెట్టొద్దు ప్రభువా. నా మనసుల నువ్వు సమాధానం…"

"శాంసన్, ఆగు."

ఆ మాట అన్నది నేనే. అందరి కళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి, అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థన మధ్యలో ఒకర్ని ఆపడం నేను చూడలేదు, ఎవరూ చూసి ఉండరు.

"దేవునితోని తర్వాత మాట్లాడుదువు. ముందుగాల నాతోని మాట్లాడు. నీకు నేను ఇష్టమా, కాదా?"

"కృపా, ప్రార్థనల ఉన్నం…"

"అందుకే అడుగుతున్న. ఆయన వింటుండు. ఇష్టమా, కాదా?"

"ఇష్టమే," అన్నాడు, ఈసారి గొంతు అతనిదే. "కని…"

"కని?"

అతను వాళ్ళమ్మను చూశాడు, పాస్టరయ్యను చూశాడు, ఎవరూ ఆదుకోలేదు. చివరికి చాప వైపు చూస్తూ అన్నాడు. "పిల్లలకు వస్తదేమోనని భయమైతున్నది. అమ్మ అన్నంక నాకు కూడ భయం పట్టుకున్నది. రాత్రి ఫోన్ల చూసిన, ఒక్కోసారి వస్తదని కూడ రాసిండ్రు. నేను… నాకు ధైర్యం సరిపోతలేదు కృపా."

ఎంత నొప్పి పెట్టిందో! కూర్చున్నచోటే నేలలోకి పోతానేమో అనిపించింది. అరచేతిలో పల్లీలు తిన్నవాడు. కానీ ఆ నొప్పి వెనకే ఇంకొకటి వచ్చింది, నేను అనుకోనిది. ఒక మనిషి, ఇన్నేళ్ళలో మొదటిసారి, నా ఎదుట కూర్చుని, నాకు భయం అన్నాడు. దేవునికి ఇష్టం లేదనలేదు, తన భయమేనని ఒప్పుకున్నాడు. అంటే అందరిదీ ఇదే కదా. ఆ దొంతన్‌పల్లి అమ్మదీ, ఆ షాబాద్ తాతదీ, భయం, సిగ్గు, నలుగురేమంటారో అన్న బెంగ, అంతా వాళ్ళదే, ఒక్క మాట కూడా పైనుంచి రాలేదు. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. ఏ ఇంటి ముందూ నిలబడలేదు. ఇంతకాలం నేను తిట్టుకున్న దేవుణ్ణి వీళ్ళు తయారుచేశారు, నేను నమ్మాను, నమ్మి ఆయన మీద పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే వచ్చింది.

"గిది చెప్పు, చాలు," అన్నాను. "ఇది నీ భయం. భయపడు, నేనేమన్న అన్ననా? కని నీ భయాన్ని ఆయన నోట్ల పెట్టకు."

సువార్తమ్మకు అప్పటికి మాట వచ్చింది. "ఏందమ్మా ఇది? ప్రార్థన మధ్యల ఆపుతవా? దేవుడంటే భయం లేదా నీకు? ఎదురు చెప్పదని అన్నది గద మీ అవ్వ!"

"అవ్వ ప్రేమతోని అబద్ధం చెప్పిందమ్మా. దేవుడంటే భయమున్నది. అందుకే ఆపిన."

పాస్టరయ్య అటూ ఇటూ చూశాడు. ఆయన పాట్లు నాకు తెలుసు, రేపు రెండు ఇళ్ళకూ పోవాలి. "సరే, సరే, అందరం శాంతంగ ఉందాం. ముగించుకుందాం. ఎవరన్న ముగించుండ్రి," అన్నాడు. నేను మళ్ళీ మోకాళ్ళ మీద సర్దుకుని కూర్చున్నాను. కళ్ళు మూసుకోలేదు.

"ప్రభువా, వీళ్ళు చెప్పిందంత నువ్వే చెప్పినవనుకున్న. నీ మీద మస్తు కోపం పెట్టుకున్న. నాకు ఈ పిలగాడు ఇష్టం, ఇది నా సొంత బుద్ధి, నీది కాదు. నీ ఆలోచన ఏందో నాకు తెల్వదు. వీళ్ళకు కూడ తెల్వదు. తెల్వకున్నా నిన్ను నమ్ముత, ఎందుకంటే నన్ను వద్దన్నది నువ్వు కాదు. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలేదు. తర్వాత బాపు అన్నాడు, చాలా మెల్లగా, నా వైపు చూస్తూ. అవ్వ లేచి పరుగున వంటింట్లోకి పోయింది, గిన్నె దించిన చప్పుడైంది. సువార్తమ్మ తినకుండానే లేచింది, చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ, ఇట్లాంటి ఇంట్లో నీళ్ళు కూడా తాగననుకుంటూ వాకిట్లోకి నడిచింది, పాస్టరయ్య ఆమె వెంట పోయాడు. గోడ అవతల డీజే మళ్ళీ అందుకుంది. శాంసన్ మాత్రం గడప దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ ఆలస్యం చేశాడు. మొహం ఎర్రబడింది. నన్ను సూటిగా చూడటానికి కాసేపు పట్టింది, కానీ చూశాడు.

"డాక్టర్ దగ్గర అడుగుత. మళ్ళ వస్త కృపా," అన్నాడు. వెంటనే, అలవాటుగా, "దేవుని చిత్తమైతే," అని చేర్చి, నా మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. "కాదు, కాదు. నేనే వస్త."

"రా," అన్నాను. "రాకపోతే నువ్వు రానట్టు. ఆయన పంపనట్టు కాదు."